ట్యాంకులో బీరు, జీవోలో గడువు: చిత్తూరు వైపు చిన్న బ్రూవరీ నిలబడాలంటే

చిత్తూరులో బయలుదేరి మొగిలి ఘాటు ఎక్కి, పలమనేరు దాటి నంగిలి చేరితే కర్ణాటక. అదే చిత్తూరు నుంచి వేలూరు దారి పట్టి క్రిస్టియన్‌పేట దాటితే తమిళనాడు. కొద్ది గంటల దూరంలోనే మద్యం చట్టాలు మూడు రకాలు. కర్ణాటకలో అంగళ్ళు ఎక్కువ భాగం ప్రైవేటువి. తమిళనాడులో 2003 నుంచీ టాస్మాక్ పేరుతో చిల్లర అమ్మకం మొత్తం ప్రభుత్వమే చేస్తోంది. మన దగ్గర 2019 నుంచి ఐదేళ్ళు ప్రభుత్వం అమ్మింది, 2024 నుంచి మళ్ళీ ప్రైవేటు వాళ్ళు అమ్ముతున్నారు. బార్లీ గింజ మూడు రాష్ట్రాల్లోనూ ఒకటే. దాన్ని బీరు చేసే పద్ధతీ ఒకటే. ఆ బీరును ఎవరు, ఎక్కడ, ఎవరికి అమ్మాలన్నది మాత్రం గీత దాటగానే మారిపోతుంది.

బెంగళూరులో 2010 ప్రాంతం నుంచి మైక్రోబ్రూవరీలు మొదలయ్యాయి. అక్కడే కాచి, అక్కడే ట్యాంకు నుంచి గ్లాసులోకి పోసే చోట్లు అవి. పలమనేరు, కుప్పం, మదనపల్లె పిల్లలు ఎంతోమంది ఆ ఊళ్ళో ఉద్యోగాలు చేస్తున్నారు. హోటల్ పనుల్లో ఉన్నవాళ్ళకు ఆ వ్యాపారం దగ్గరగా తెలుసు. ఇదే పని మన ఊళ్ళో పెట్టుకోలేమా అని అడిగితే పన్నులు ఎక్కువ, గిట్టదు అని ఒక్క ముక్కలో జవాబు వస్తుంది. అది సగం జవాబు. పన్ను ఎంతైనా ముందే తెలిస్తే లెక్క వేసుకోవచ్చు. చిన్న బ్రూవరీని దెబ్బతీసేది అమ్మే హక్కు ఎన్నాళ్ళుంటుందో, ఏ చోట ఉంటుందో తెలియకపోవడం. ఎందుకో అర్థం కావాలంటే బీరు ఎలా తయారవుతుందో ముందు చూడాలి.

ట్యాంకు లెక్క

బార్లీని నానబెట్టి, మొలక రాగానే ఆరబెట్టి వేడి తగిలిస్తే మాల్ట్. దాన్ని నలగ్గొట్టి 65 డిగ్రీల చుట్టుపక్కల వేడినీళ్ళలో గంటసేపు ఉంచితే గింజలోని పిండి చక్కెరగా మారుతుంది. ఆ తీపి నీళ్ళను వడగట్టి, గంట నుంచి గంటన్నర దాకా మరగబెడతారు. మరిగేటప్పుడే హాప్స్ పూలు వేస్తారు. బీరుకు చేదూ వాసనా వాటి నుంచే వస్తాయి. తర్వాత గబగబా చల్లార్చి ట్యాంకులోకి ఎక్కించి ఈస్ట్ కలుపుతారు. రాత్రి రుబ్బిపెట్టిన దోసెపిండి తెల్లారేసరికి పొంగినట్టే ఇక్కడా పులియడం మొదలవుతుంది. తేడా ఏమిటంటే ఇక్కడ వేడి అదుపులో ఉండాలి. ఎయిల్ రకానికి 18 నుంచి 22 డిగ్రీలు, వారం రోజులు. లాగర్ రకానికి 8 నుంచి 12 డిగ్రీలు, ఆపైన చలిలో మరికొన్ని వారాలు. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటే తిరుపతిలో ట్యాంకును చల్లబరిచే యంత్రం, అంటే చిల్లర్, ఒక్క పూట ఆగితే ట్యాంకు మొత్తం పారబోసుకోవాల్సి రావచ్చు.

పెద్ద కంపెనీ బీరును వడపోసి, సీసాలో నింపి, వేడితో పాశ్చరైజ్ చేస్తుంది. అందుకే అది ఆరు నెలలు నిలవుంటుంది. గోదాములో ఉన్నా, లారీలో ఉన్నా, అంగట్లో ఉన్నా దానికి తొందర లేదు. చిన్న బ్రూవరీ బీరులో ఈస్ట్ ఇంకా బతికే ఉంటుంది. చల్లగా ఉంచినా దాని రుచి నిలిచేది కొన్ని వారాలే. ఆ రుచి కోసమే మనిషి ఎక్కువ డబ్బు పెట్టి వస్తాడు. అంటే ఈ వ్యాపారానికి బలం, బలహీనత రెండూ అదే తాజాదనం.

ఒక చిన్న లెక్క వేద్దాం. వెయ్యి లీటర్ల ట్యాంకులు నాలుగు ఉన్నాయనుకోండి. ఒక్కో ట్యాంకు రెండు వారాలకోసారి ఖాళీ అయితే నెలకు ఎనిమిది వేల లీటర్లు. ఏ కారణంతోనో పది రోజులు అమ్మకం ఆగితే సుమారు 2,600 లీటర్లు అలాగే నిలిచిపోతాయి. ట్యాంకు ఖాళీ కాకపోతే తర్వాతి విడత కాచడానికి చోటుండదు. సీసాలమ్మే అంగడికి పది రోజుల మూత అంటే ఆ పది రోజుల నష్టమే, ఎందుకంటే సరుకు చెడదు. బ్రూవరీకి సరుకూ పోతుంది, రాబోయే విడతా పోతుంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు దేశంలో చాలా మైక్రోబ్రూవరీలు ట్యాంకుల్లో ఉన్న మంచి బీరును కాలవల్లోకి వదిలాయి. దాన్ని బయటికి అమ్మే హక్కు చట్టం వాటికి ఇవ్వలేదు. కర్ణాటక ప్రభుత్వం ఆ ఏడాది మే నెలలో, కొద్దికాలానికి మాత్రమే, మనిషికి రెండు లీటర్ల దాకా ఇంటికి తీసుకెళ్ళనిచ్చింది. ఆ ఒక్క ఉత్తర్వుతో కొన్ని బ్రూవరీలు ఊపిరి పీల్చుకున్నాయి.

సీసా కోసం రాసిన చట్టం

రాజ్యాంగం ఏడో షెడ్యూల్‌లోని రాష్ట్రాల జాబితాలో 8వ అంశం మద్యం. తయారీ, నిల్వ, రవాణా, కొనుగోలు, అమ్మకం అన్నీ రాష్ట్రం చేతిలోనివే. 47వ అధికరణ మద్యనిషేధం దిశగా నడవమని రాష్ట్రాలకు చెబుతుంది. మద్యం వ్యాపారం చేసుకోవడం పౌరుడి ప్రాథమిక హక్కు కాదని ఖోడే డిస్టిలరీస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఈ తీర్పు చిన్నవాళ్ళకు చాలా ముఖ్యం. కిరాణా కొట్టు మీద ఆంక్ష పెడితే యజమాని నా వ్యాపార హక్కు అని కోర్టుకెళ్ళవచ్చు. బ్రూవరీ యజమాని ఆ మాట అనలేడు. లైసెన్స్ అన్నది ప్రభుత్వం తన అధికారంలో కొంత భాగాన్ని కొంతకాలానికి ఇచ్చినట్టు మాత్రమే.

మన రాష్ట్రంలో వ్యవహారమంతా 1968 నాటి ఎక్సైజ్ చట్టం కింద నడుస్తుంది. అసలు సంగతులు చట్టంలో కన్నా దాని కింద వచ్చే నియమాల్లో, జీవోల్లో ఉంటాయి. అవి మారడానికి అసెంబ్లీలో చర్చ అక్కర్లేదు. దీనికి తోడు 1993లో వచ్చిన చట్టంతో టోకు వ్యాపారం మొత్తం బెవరేజెస్ కార్పొరేషన్ గుత్తాధిపత్యం కిందికి వెళ్ళింది. కంపెనీ సీసాలు నింపుతుంది, కార్పొరేషన్ డిపోకు పంపుతుంది, డిపో నుంచి అంగళ్ళు, బార్లు కొంటాయి. ప్రతి సీసాకు హోలోగ్రామ్ అంటిస్తారు, ప్రతి పెట్టెకు లెక్క ఉంటుంది. పన్ను ఎగవేత ఆపడానికి ఈ పద్ధతి పనికొచ్చింది, దాన్ని తప్పుపట్టడం లేదు. అయితే ఆ పద్ధతి మొత్తం లెక్కపెట్టగలిగే, నిలవ ఉంచగలిగే సీసాను మనసులో పెట్టుకుని రాసింది. ట్యాంకుకు హోలోగ్రామ్ అంటించలేం. వారం వారం మారే బీరును డిపోలో పెట్టలేం.

అందుకని ప్రభుత్వాలు ఒక దారి కనిపెట్టాయి. మైక్రోబ్రూవరీ తాను కాచిన చోటే అమ్ముకోవాలి, గడప దాటించకూడదు. మన దేశంలో ఎక్కువ రాష్ట్రాల నియమాలకు వెన్నెముక ఇదే. ఈ ఆలోచన మనకు కొత్తదేమీ కాదు. కల్లు విషయంలో ఎన్నో ఏళ్ళుగా ఉన్నదే. ఈత చెట్టుకో తాటి చెట్టుకో లైసెన్స్, గీత సహకార సంఘానికో ఒంటరి గీత కార్మికుడికో అనుమతి, దించిన కల్లు ఆ పూటే అమ్ముడుపోవాలి. కల్లు డిపోకు వెళ్ళదని, నిలవ ఉండదని చట్టానికి ముందే తెలుసు. కాబట్టి అది చెట్టును, మనిషిని, ఊరిని ఆధారం చేసుకుని నియమం రాసింది. తాజా బీరు కూడా స్వభావంలో కల్లుకే దగ్గర. కానీ దాన్ని మోసే లైసెన్స్, ఫీజు, గడువు అన్నీ సీసా వ్యాపారం నుంచి తెచ్చినవి. చిక్కంతా ఇక్కడే మొదలవుతుందని నేననుకుంటాను.

కాచిన చోటే అమ్మాలన్న నియమానికి ఇంకో పక్కన చూస్తే పూర్తిస్థాయి బ్రూవరీ లైసెన్స్ ఉంది. కోట్ల రూపాయల సీసా లైను, డిపోలు, లేబుల్ రిజిస్ట్రేషన్లు. రెంటికీ నడుమ మెట్టు లేదు. తిరుపతిలో కాచి చిత్తూరులో తెలిసినవాళ్ళ హోటల్‌కు వారానికి రెండు పీపాల బీరు పంపుకునే వీలు లేదు. మహారాష్ట్రలో గ్రౌలర్ అని పిలిచే మూత బిగించిన పాత్రలో ఇంటికి తీసుకెళ్ళనిస్తారు. ఆ పాటి సడలింపు కూడా అన్ని రాష్ట్రాల్లో లేదు.

నడుమ మెట్టు లేకుండా పై మెట్టుకు దూకినవాళ్ళకు ఏమవుతుందో బీరా 91 కథ చెబుతుంది. ఆ బ్రాండు నడిపే బీ9 బెవరేజెస్ కంపెనీ పేరులోంచి ప్రైవేట్ అన్న ఒక్క మాట తీసేసింది. ప్రైవేట్ లిమిటెడ్ నుంచి పబ్లిక్ కంపెనీగా మారడం వల్ల వచ్చిన మార్పు అది. అంతే, రాష్ట్ర రాష్ట్రానా లేబుళ్ళు మళ్ళీ రిజిస్టర్ చేయించుకోవాల్సి వచ్చింది. నెలల తరబడి అమ్మకాలు నిలిచాయి, పాత లేబులున్న సరుకు పనికిరాకుండా పోయింది. 2023-24లో ఆ కంపెనీ నష్టం రూ.748 కోట్లు. దానికి ఇతర కారణాలూ ఉన్నాయి, అయినా ఒక్క మాట మార్పు అంత దెబ్బ తీసిందంటే నియమాల బరువు ఎంతో తెలుస్తుంది. తెలంగాణలో 2025 జనవరిలో కింగ్‌ఫిషర్ తయారుచేసే యునైటెడ్ బ్రూవరీస్ సరఫరా ఆపేసింది. ధర ఏళ్ళ తరబడి పెంచలేదు, బకాయిలు పేరుకుపోయాయి అన్నది దాని ఫిర్యాదు. కొద్ది రోజులకే మళ్ళీ పంపడం మొదలుపెట్టింది, తర్వాతి నెలలో ధర పెరిగింది. దేశంలోనే పెద్ద బీరు కంపెనీ కాబట్టి సరఫరా ఆపి కూర్చోగలిగింది. ప్రభుత్వ కార్పొరేషన్ ఒక్కటే కొనే అంగడిలో చిన్నవాడు ఆ పని చేస్తే, వాడు లేడన్న సంగతే ఎవరికీ తెలియదు.

ఏళ్ళు మారినట్టు మారిన విధానం

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా అంగళ్ళ మీద తిరగబడ్డారు. ఆ ఉద్యమం వల్ల 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరి 16 నుంచి ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం పెట్టింది. 1997లో అది సడలింది. ఆ ఆడవాళ్ళ కోపం న్యాయమైనది. కూలి డబ్బు ఇంటికి రాకుండా సారా అంగట్లోనే ఆగిపోయిన ఇళ్ళు మా వైపూ ఉన్నాయి. మద్యం మీద ఎవరేం రాసినా ఆ సంగతి మరిచిపోయి రాయకూడదు.

తర్వాత 2019 అక్టోబర్ 1న రాష్ట్ర ప్రభుత్వం చిల్లర అంగళ్ళను తానే నడపడం మొదలుపెట్టింది. 4,380 అంగళ్ళను 3,500కు తగ్గించింది. 2020 మే నెలలో లాక్‌డౌన్ తర్వాత అంగళ్ళు తెరిచినప్పుడు ధరలు 25 శాతం పెంచి, ఆ వెంటనే మరో 50 శాతం పెంచింది. జనం అలవాటు పడ్డ బ్రాండ్లు అంగట్లో కనబడకుండా పోయాయి. సరిహద్దు జిల్లా కావడంతో చిత్తూరు మీద దాని ప్రభావం వెంటనే పడింది. కర్ణాటక నుంచి, తమిళనాడు నుంచి సీసాలు దాటసాగాయి, పట్టుకోవడానికి ప్రత్యేక ఎన్‌ఫోర్స్‌మెంట్ బ్యూరో వచ్చింది. సంచిలో సీసాతో గీత దాటేవాడల్లా నేరస్తుడిగా కనిపించే ఆ రోజుల్లో, తాజా బీరును పాత్రలో ఇంటికి ఇచ్చే నిబంధన గురించి మాట్లాడే వాతావరణమే లేదు.

2024 అక్టోబర్ 16 నుంచి మళ్ళీ ప్రైవేటు. లాటరీ తీసి 3,396 అంగళ్ళు ఇచ్చారు. 180 మిల్లీలీటర్ల సీసా 99 రూపాయలకు దొరికేలా చేశారు. 2025 ఆగస్టులో వైన్‌షాపుల పక్కనే కూర్చుని తాగే పర్మిట్ రూమ్‌లకు మళ్ళీ అనుమతి ఇచ్చారు. సెప్టెంబర్ 1 నుంచి కొత్త బార్ల విధానం అమల్లోకి వచ్చింది.

వీటిలో ఒక్కటీ మైక్రోబ్రూవరీని ఉద్దేశించి తీసుకున్న నిర్ణయం కాదు. అయినా ప్రతిదీ దాని లెక్కను మార్చింది. 99 రూపాయల క్వార్టర్‌నే చూడండి. 42.8 శాతం ఘాటున్న 180 మిల్లీలీటర్లలో అసలు ఆల్కహాల్ 77 మిల్లీలీటర్లు. 5 శాతం బీరు 650 మిల్లీలీటర్ల సీసాలో అది 32.5 మాత్రమే. మత్తు కోసం తాగేవాడికి ఏది చవకో చెప్పనక్కర్లేదు. ఘాటు సరుకును చవక చేసిన చట్టం, తేలిక సరుకు అమ్ముకునేవాడి గిరాకీని తెలియకుండానే కోసేస్తుంది. ఆరోగ్యం వైపు నుంచి చూసినా ఇది తలకిందుల లెక్క. పర్మిట్ రూమ్‌లదీ అదే తీరు. కూర్చుని తాగే చోటు అనేదే బార్లకూ, వాటికి అనుబంధంగా ఉండే బ్రూవరీలకూ ఆధారం. ఆ చోటును చవగ్గా వైన్‌షాపుకూ ఇచ్చేస్తే, భారీ ఫీజు కట్టి ఏసీ హాలు పెట్టినవాడికి మిగిలేది తక్కువ.

ఫీజు కన్నా గడువు పెద్దది

మన దేశంలో మైక్రోబ్రూవరీ లైసెన్స్ చాలాచోట్ల ఒంటరిగా రాదు. బార్‌కో హోటల్‌కో క్లబ్బుకో ఉన్న లైసెన్స్‌కు తోకలా వస్తుంది. అందుకని బార్ల విధానంలో ఏం రాశారన్నది బ్రూవరీకి ప్రాణసమానం. 2025 సెప్టెంబర్ విధానంలో 50 వేల లోపు జనాభా ఉన్న ఊళ్ళలో బార్ లైసెన్స్ ఫీజు ఏడాదికి రూ.35 లక్షలు, 50 వేలు దాటి 5 లక్షల దాకా రూ.55 లక్షలు, ఆపైన రూ.75 లక్షలు. 2011 జనగణన ప్రకారం తిరుపతి జనాభా 2.87 లక్షలు, చిత్తూరు లక్షన్నర పైచిలుకు. రెండూ నడిమి వరుసలోనే పడతాయి. అంటే ఒక్క గ్లాసు పోయకముందే, నెలకు నాలుగున్నర లక్షలకు పైగా ఫీజు కింద పోతుంది. తిరుపతి కన్నా చిత్తూరులో గిరాకీ తక్కువ, ఫీజు మాత్రం సమానం.

ఫీజు కన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టేది గడువు. ఈ విధానం కాలం మూడేళ్ళు, 2028 ఆగస్టు 31 దాకా. వైన్‌షాపులది రెండేళ్ళు, 2026 సెప్టెంబర్ 30తో ముగిసేలా పెట్టారు. ఇప్పుడు బ్రూవరీ పెట్టాలనుకునే పలమనేరు కుర్రాడొకడు బ్యాంకుకు వెళ్ళాడనుకుందాం. రాగి రంగు కెటిల్, స్టీలు ట్యాంకులు, చిల్లర్, పైపులు, నీళ్ళ శుద్ధి యంత్రం అన్నీ కలిపితే కోటికి అటూఇటూ అవుతుంది. ట్యాంకులు పదిహేనేళ్ళు పనిచేస్తాయి. అప్పు తీర్చడానికి ఆరేడేళ్ళు పడుతుంది. మేనేజర్ అడిగే మొదటి ప్రశ్న, లైసెన్స్ ఎన్నాళ్ళుందని. మూడేళ్ళని చెబితే, నాలుగో ఏడాది కిస్తీ ఎక్కడి నుంచి కడతావంటాడు. ఆయన అడగడంలో తప్పు లేదు. బార్ నడిపేవాడు గడువు అయిపోతే కుర్చీలు అమ్ముకుని, మిగిలిన సీసాలు అప్పజెప్పి బయటపడగలడు. బ్రూవరీవాడు వెయ్యి లీటర్ల ట్యాంకును అలా ఎవరికి అమ్ముతాడు? కొనేవాడికీ లైసెన్స్ ఉండాలి కదా.

నా దృష్టిలో ఈ వ్యాసానికి గుండెకాయ ఇదే. సీసాల వ్యాపారి పెట్టుబడి సరుకులో ఉంటుంది, అది తిరుగుతూ ఉంటుంది. బ్రూవరీ పెట్టుబడి ఇనుములో ఉంటుంది, అది కదలదు. కదలని పెట్టుబడి మీద, ఎన్నికలతోపాటు కదిలే విధానం పెడితే డబ్బు బాగా ఉన్నవాళ్ళు తప్ప ఇంకెవరూ ఆ పనిలోకి దిగరు. చిన్న బ్రూవరీ అనే పేరు మిగులుతుంది, చిన్నవాళ్ళు మిగలరు.

ఎక్కడ పెట్టాలి

తిరుపతి మామూలు ఊరు కాదు. కొండ మీద మద్యం, మాంసం, పొగాకు పూర్తిగా నిషిద్ధం. కింద ఊళ్ళో కూడా రైల్వేస్టేషన్, బస్టాండ్ల నుంచి లీలామహల్, నంది సర్కిల్ మీదుగా అలిపిరి దాకా భక్తులు ఎక్కువగా తిరిగే దారుల్లో వైన్‌షాపులకు తావు లేకుండా చేశారు. 2024 విధానంలో పెద్ద ఊళ్ళకు ప్రీమియం స్టోర్లు ఇవ్వాలనుకున్నప్పుడు తిరుపతిని పుణ్యక్షేత్రమని మినహాయించారు. గుడికీ బడికీ ఆసుపత్రికీ వంద మీటర్ల దూరం ఉండాలన్న నిబంధన అదనం. గోవిందరాజస్వామి, కోదండరాముడు, కపిలతీర్థం, వీధికొక చిన్న గుడి, ఎస్వీ యూనివర్సిటీ, మహిళా యూనివర్సిటీ, లెక్కలేనన్ని కాలేజీలు. పటం మీద వంద మీటర్ల వృత్తాలు గీసుకుంటూ పోతే మిగిలే చోటు కొద్దే. ఈ ఆంక్షలు ఉండాల్సినవే అని నా అభిప్రాయం. కాలినడకన కొండెక్కడానికి వచ్చిన కుటుంబానికి దారిలో మందు వాసన తగలకూడదని ఊరు అనుకోవడంలో అన్యాయం ఏముంది? స్పష్టంగా రాసిన ఆంక్ష వ్యాపారిని కూడా ఇబ్బంది పెట్టదు. ఇక్కడ కుదరదని ముందే తెలిస్తే వేరేచోట చూసుకుంటాడు.

హఠాత్తుగా వచ్చిపడేవి ఇబ్బంది. 2016 డిసెంబర్ 15న సుప్రీంకోర్టు జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపు మద్యం అమ్మకాలు ఆపమంది. తాగి నడపడం వల్ల పోయే ప్రాణాల గురించి ఆలోచించి ఇచ్చిన తీర్పు అది, ఉద్దేశం గొప్పది. 2017 మార్చి 31న 20 వేల లోపు జనాభా ఉన్న చోట దూరాన్ని 220 మీటర్లకు తగ్గించింది. జూలైలో మునిసిపల్ హద్దుల లోపల ఇది వర్తించదని వివరణ ఇచ్చింది. ఏడెనిమిది నెలల్లో మూడు మార్పులు. ఈ మార్పుల వల్ల బెంగళూరు ఎంజీ రోడ్డులో బార్లు మూతపడి మళ్ళీ తెరుచుకున్నాయి. సీసాలమ్మేవాడు అంగడిని నాలుగు వీధులు అవతలికి మార్చుకున్నాడు. ట్యాంకులు సిమెంటు దిమ్మె మీద బిగించుకున్నవాడు కదలలేక చూస్తూ కూర్చున్నాడు.

పన్ను గురించి రెండు మాటలు

తాగే మద్యం జీఎస్టీ పరిధిలో లేదు. 2017 జూలై 1 నుంచి మాల్ట్, యంత్రాలు, మరమ్మతులు అన్నింటి మీదా బ్రూవరీ జీఎస్టీ కడుతుంది. బీరు మీద మాత్రం రాష్ట్రం ఎక్సైజ్, వ్యాట్ వేస్తుంది. కట్టిన జీఎస్టీని వీటిలో తగ్గించుకునే దారి లేదు. పెద్ద కంపెనీ ఆ భారాన్ని కోట్ల సీసాల మీద పంచుతుంది, చిన్నది పంచలేదు.

బ్రిటన్ ఈ చిక్కును 2002లో గుర్తించింది. ఏడాదికి 5 వేల హెక్టోలీటర్లు, అంటే 5 లక్షల లీటర్ల లోపు కాచే బ్రూవరీకి బీరు సుంకం సగానికి తగ్గించింది. మన లెక్కలో రోజూ వెయ్యి లీటర్లు కాచినా ఏడాదికి 3.65 లక్షల లీటర్లే. అక్కడ చిన్న బ్రూవరీలు వందల్లో పుట్టుకొచ్చాయి. 2023 ఆగస్టులో ఆ పద్ధతిని మార్చినా చిన్నవాళ్ళకు తగ్గింపు అన్న సూత్రం ఉంచారు. అమెరికాలో 1933లో మద్యనిషేధం ఎత్తేశాక తయారుచేసేవాడు, టోకు వ్యాపారి, అంగడివాడు వేరువేరుగా ఉండాలని రాష్ట్రాలు నియమం పెట్టాయి. కాచినవాడే అమ్మడం చాలాచోట్ల నేరం. 1970ల చివరికి దేశం మొత్తంలో వంద లోపు బ్రూవరీలు మిగిలాయి. ఆ తర్వాత రాష్ట్రాలు ఒక్కొక్కటే కాచిన చోట అమ్ముకోనిచ్చాయి. ఇప్పుడవి 9 వేలు దాటాయి. అక్కడ కట్టు విప్పింది అమ్మకం నియమమే, బార్లీ కాదు, జనం రుచీ కాదు.

మామిడి, రాగి, గ్లాసు

చిత్తూరు అనగానే తోతాపురి మామిడి, గుజ్జు ఫ్యాక్టరీలు గుర్తొస్తాయి. 2025 వేసవిలో ధర పడిపోయి, ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి 12 ఇచ్చేలా ఏర్పాటు చేయాల్సి వచ్చింది. బ్రూవరీలు వస్తే మామిడి బీరుతో రైతుకు మేలని కొందరు అంటుంటారు. ఆశ మంచిదే, కానీ లెక్క చూసుకోవాలి. లీటరు బీరుకు వంద నుంచి రెండు వందల గ్రాముల గుజ్జు వేస్తారు. వెయ్యి లీటర్ల విడతకు రెండు వందల కిలోల గుజ్జు అనుకున్నా, నాలుగు వందల కిలోల కాయలు చాలు. లక్షల టన్నుల పంటలో అది ఏ మూలకూ రాదు. రైతు కష్టానికి బ్రూవరీని జవాబుగా చూపడం రైతును మోసం చేయడమే అవుతుంది. రాగి మాల్ట్ కలిపి కాచే పని, మాల్ట్ పిప్పిని పాడి పశువులకు వేయడం, పదిమందికి చదువుకు తగ్గ ఉద్యోగం, ఇవి చిన్నవే అయినా నిజమైన లాభాలు. వీటినే చెప్పుకోవాలి. నీళ్ళ సంగతి కూడా దాచకూడదు. లీటరు బీరుకు కడగడంతో కలిపి ఎన్నో లీటర్ల నీళ్ళు కావాలి. బోర్లు ఎండే మండలాల్లో దీనికి అనుమతి ఇచ్చేముందు ఆలోచించాలి.

నియమాలు రాసే చోట నాకు మాట ఇస్తే మూడు సంగతులు అడుగుతాను. బ్రూవరీ లైసెన్స్‌ను బార్ గడువు నుంచి విడదీసి కనీసం పదేళ్ళకు ఇవ్వండి, నిబంధనలు తప్పితే రద్దు చేసే హక్కు మీ దగ్గరే ఉంచుకోండి. ఫీజును ఊరి జనాభాతో కాకుండా కాచిన లీటర్లతో ముడిపెట్టండి, మీటరు ఎలాగూ ట్యాంకుకే ఉంటుంది. మూడోది ఇంటికి తీసుకెళ్ళే అనుమతి. తేదీ వేసి సీలు చేసిన రెండు లీటర్ల పాత్ర, మనిషికి ఒక్కటి, వయసు చూసి మాత్రమే ఇవ్వాలి. దీనివల్ల తాగేవాళ్ళు పెరుగుతారా అన్న ప్రశ్న న్యాయమైనదే. 99 రూపాయల క్వార్టర్ ప్రతి మండలంలో దొరికే రాష్ట్రంలో, ఊరికొక బ్రూవరీలో దానికి ఎన్నో రెట్ల ధరకు అమ్మే తేలిక బీరు వల్ల కొత్త తాగుబోతులు పుడతారని నేననుకోను. ఎన్నికలకు ముందు 48 గంటల మూత, పండగ మూతలు, అనుకోని ఉత్తర్వులు ఎప్పుడూ ఉంటాయి. వాటికి ముందు రోజుల్లో ట్యాంకు ఖాళీ చేసుకునే దారి ఉంటే చాలు. పది రోజుల మూతకు నిలిచిపోతాయని లెక్క వేసిన ఆ 2,600 లీటర్లు అంటే 1,300 పాత్రలు. వాటిలో సగం మూతకు ముందే ఇళ్ళకు చేరినా ఆ కుర్రాడు ఆ నెల కిస్తీ కట్టగలడు.